హోటల్ డెల్ లూనా: మాన్ వోల్ అతన్ని క్షమించిందా, వదిలేసిందా?

పెన్నా గట్టు (నెల్లూరు), శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరందరూ రాసేవి ఏడాదిగా చదువుతున్నాను, నేను రాయడం మాత్రం ఇదే మొదలు. నిన్న తెల్లవారుజామున కొరియన్ సీరియల్ హోటల్ డెల్ లూనా చివరిదైన పదహారో ఎపిసోడ్ అయిపోయింది. 2019లో టీవీఎన్ ఛానల్‌లో వచ్చినప్పుడే నా స్నేహితురాలు చూడమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అప్పుడు కుదరలేదు. ఇప్పుడు చూశాక నిద్ర పట్టడం లేదు.

చూడనివాళ్ల కోసం కథ కొంచెం చెప్తాను. సియోల్ నగరంలో ఒక హోటల్. అందులో దిగేది చనిపోయినవాళ్లే. తీరని కోరికో, కక్షో మిగిలిపోయి పైలోకానికి పోలేనివాళ్లు అక్కడ ఆగి, ఆ లెక్క తీరాక వెళ్లిపోతారు. ఆ హోటల్ యజమానురాలు జాంగ్ మాన్ వోల్. చేసిన పాపానికి 1300 ఏళ్లుగా ఒక చెట్టుకు కట్టుబడి ఉంది. ఆమెకు చావు లేదు, ముసలితనం లేదు, ఆ చెట్టుకు ఒక్క ఆకూ లేదు. ఒకప్పుడు ఆమె నమ్మిన సైనికాధికారి గో చంగ్ మ్యంగ్ వల్ల ఆమె వాళ్లందరూ చనిపోయారు, తమ్ముడిలా చూసుకున్న యోన్ వూతో సహా. ఆ మంట మీదే ఆమె బతుకుతోంది. అక్కడికి మేనేజరుగా గూ చాన్ సంగ్ వస్తాడు. వాళ్ల నాన్న ఎప్పుడో చిన్నప్పుడే ఈ పిల్లాణ్ణి ఆమెకు ఇస్తానని మాటిచ్చి ఉంటాడు.

నా బాధ ఇది. చివర్లో తెలుస్తుంది, చంగ్ మ్యంగ్ నిజంగా మోసం చేయలేదని. ఆమె బతకాలనే తను ద్రోహిగా కనిపించాడు. 1300 ఏళ్లూ ఒక మిణుగురు పురుగై ఆమె దగ్గరే తిరిగాడు. అది తెలిశాక ఆమె అతన్ని సాగనంపింది.

నాకు రెండేళ్ల కిందట పెళ్లి కుదిరింది. శుభలేఖలు పంచడం కూడా అయిపోయింది. పన్నెండు రోజులుందనగా అబ్బాయి ఫోన్ చేసి "నా వల్ల కాదు" అన్నాడు. అంతే. కారణం అప్పుడు చెప్పలేదు, ఇప్పటికీ తెలియదు. అంతకు ముందు మొహర్రంకే, మా నెల్లూరు రొట్టెల పండుగలో, స్వర్ణాల చెరువులో దిగి పెళ్లి కుదరాలని పెళ్లి రొట్టె పట్టుకున్నాను. కోరిక తీరితే మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకళ్లకు ఇవ్వాలి కదా. మా అమ్మ "సంబంధం కుదిరింది కదా, ఇచ్చేద్దాం" అంటుంది. నేను వెళ్లలేదు.

సీరియల్ చూసినప్పటి నుంచి ఒకటే ఆలోచన. నిజం తెలిసింది కాబట్టి మాన్ వోల్ బయటపడింది. తెలియకపోతే? ఇంకో 1300 ఏళ్లు అలాగే ఉండేదా? నాకెప్పటికీ కారణం తెలియకపోతే నా సంగతేంటి? ఇది మీతో కాక ఇంకెవరితో మాట్లాడాలో తెలియక రాస్తున్నాను.

వేదిక నిర్వహణ, శనివారం రాత్రి 11:45

కథ చివరి వరకూ చర్చకు వస్తుంది కాబట్టి చూడనివాళ్లు చూశాక చదవండి. ఇది సొంత బాధతో కలిసిన చర్చ. మాట నెమ్మదిగా ఉండాలని అందరికీ మనవి.

కనిగిరి గాలి, ఆదివారం ఉదయం 6:10

చెల్లెమ్మా, ముందుగా ఒక మాట. ఫోన్‌లో చెప్పి తప్పుకోవడం తప్పే. దానికి వెనక ఏ కథ ఉన్నా తప్పే.

సీరియల్ సంగతికొస్తే నాకు మొదటి నుంచీ ఒక కోపం ఉంది. తన వాళ్లను పోగొట్టుకున్న మనిషి 1300 ఏళ్లు శిక్ష అనుభవించాలా? ఆమె రక్తం చిందించింది, కాదనను. కానీ ఆ చంగ్ మ్యంగ్ చేసిందేమిటి? ఆమెకు ఏది మంచిదో తనే నిర్ణయించేశాడు. "నన్ను ద్వేషించి బతుకు" అనుకున్నాడు గానీ ఆమెను ఒక్క మాట అడగలేదు. దాన్ని త్యాగం అని చూపిస్తుంటే నా కడుపు రగిలిపోయింది. మిణుగురై వెంట తిరిగితే ఆమెకు ఒరిగిందేమిటి? ఆమెకు కావాల్సింది వెలుతురు కాదు, జవాబు.

మా నాన్న కూడా ఇలాగే "మీ మంచికే" అని అప్పు సంగతి దాచాడు. పొలం పోయాక తెలిసింది. ప్రేమతోనే దాచాడు, నాకు తెలుసు. అయినా ఆ పొలం గట్టు మీదుగా పోవాల్సి వస్తే ఇప్పటికీ బండి వేరే దారిలో తిప్పుతాను.

కొత్తపట్నం అల (ఒంగోలు), ఆదివారం ఉదయం 9:35

పెన్నా గట్టూ, నీ ప్రశ్న చదివి నిన్న రాత్రి మళ్లీ కొన్ని ఎపిసోడ్లు వెతికి చూశాను. నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్తాను. ఏ కథలోనైనా ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని చూడటం నా అలవాటు.

చెట్టును చూడమ్మా. అందరం మిణుగురు దగ్గరే ఆగిపోతున్నాం గానీ, ఈ కథలో గడియారం ఆ చెట్టే. ఎండిపోయిన చెట్టుకు మొదటి ఆకు ఎప్పుడొచ్చింది? సగం కథ కూడా కాకముందే. పూలు ఎప్పుడు పూశాయి? మిణుగురులో ఉన్నది ఎవరో మాన్ వోల్‌కు తెలియకముందే. అంటే నిజం తెలిసి ఆమె మారలేదు. ఆమె మారడం మొదలయ్యాకే నిజం ఆమెకు కనిపించింది. ఆ పురుగు 1300 ఏళ్లూ అక్కడే ఉంది కదా! ఉన్నదాన్ని చూడగలిగే స్థితికి ఆమె అప్పటికి వచ్చింది.

కాబట్టి "తెలియకపోతే నా సంగతేంటి" అని బెంగ పడకు. కథ రాసినవాళ్లు ఆ రెండింటినీ ఒకదానికొకటి ముడి పెట్టలేదు.

ఇంకొకటి. కొరియాలో మనిషి పోయాక 49వ రోజున బౌద్ధ పద్ధతిలో ఒక కర్మ చేస్తారు. మనకు పెద్దకర్మ ఎలాగో అలాగ. ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య ఆత్మ ఆగే సమయం అన్నమాట. సీరియల్లో దాటే నది పేరు సమ్‌దోచన్, మన వైతరణి లాంటిది. మనవాళ్లు వైతరణి దాటడానికి గోదానం చేస్తారు. అక్కడ వంతెన మీద నడుస్తూ పోతుంటే జ్ఞాపకాలు ఒక్కొక్కటీ జారిపోతాయి. ఈ వంతెన ఊహ నన్ను బాగా కదిలించింది. మరిచిపోయి వెళ్లడం కాదు, వెళ్తూ వెళ్తూ మరిచిపోవడం.

కనిగిరి గాలి, ఆదివారం ఉదయం 10:05

మేడం, చెట్టు మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఆకు ఎందుకొచ్చింది? చాన్ సంగ్ వచ్చాడు కాబట్టి. అంటే ఒక మగవాడు విరిచిన మనసును ఇంకో మగవాడు వచ్చి అతికించాలా? ఈ చెల్లెమ్మకు మనం చెప్పేది అదేనా, ఇంకో సంబంధం చూసుకో అని? ఆ మాట ఇంట్లో వాళ్లు రోజూ చెప్తూనే ఉంటారు.

పెన్నా గట్టు, ఆదివారం మధ్యాహ్నం 1:15

అన్నా, మీరు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. రెండేళ్లుగా ఇంటికి వచ్చే ప్రతి ఒక్కరూ అదే మాట. "ఇంకొకటి కుదిరితే అదే సర్దుకుంటుంది." మా మేనత్త అయితే రంగనాయకుల గుడిలో కనిపించిన ప్రతిసారీ ఒక ఫొటో చూపిస్తుంది. వాళ్ల మీద కోపం లేదు. కానీ నాలో ఏమో ఇరుక్కుపోయి ఉంది. అది తీయకుండా పైన ఇంకొకటి పెడితే ఎలా?

రాత్రి బస్సు, ఆదివారం సాయంత్రం 4:50

నేను నెల్లూరు నుంచి హైదరాబాద్‌కి రాత్రి సర్వీసు నడుపుతాను. పగలు నిద్రలేచాక ఈ సీరియళ్లు చూస్తాను. మా ఆవిడ అలవాటు చేసింది. రాయడం పెద్దగా రాదు, తప్పులుంటే సర్దుకోండి.

కనిగిరన్నా, చాన్ సంగ్ అతికించాడని మీరన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ అబ్బాయి ఆమెను పట్టుకుని కూర్చోలేదు. ప్రేమించాడు, పోతుందని తెలుసు, అయినా దగ్గరుండి సాగనంపాడు. ఆపగలిగితే ఆపాలని అతనికి మాత్రం లేదా? చివరి ఎపిసోడ్‌లో అతని ముఖం చూడండి.

అసలు ఆమెను మార్చింది ఆమె చేసే పనే అనుకుంటున్నాను. రోజూ ఎవరో ఒకళ్లు వస్తారు, వాళ్ల గోడు వింటుంది, తిడుతుంది, విసుక్కుంటుంది, చివరికి కారెక్కించి సొరంగం దాకా పంపుతుంది. వందల ఏళ్లు ఆమె అందరినీ పంపింది. తను ఒక్కతే ఎక్కలేదు. నాకు అది తెలుసమ్మా. అద్దంకి దాటాక, నార్కెట్‌పల్లి రోడ్డు మీద అర్ధరాత్రి, బస్సులో అందరూ పడుకుని ఉంటారు. ఎవరో ఒకళ్లు మాత్రం మేలుకుని కిటికీకి తల ఆనించి ఉంటారు. అద్దంలో కనిపిస్తుంటారు. అడగం. తెల్లారి దింపేస్తాం. దిగేటప్పుడు కొందరు "వస్తానన్నా" అంటారు, ఎప్పటి నుంచో తెలిసినవాళ్లలాగా.

మా తమ్ముడు పోయిన ఏడాది నేను సెలవు పెట్టలేదు. మూడో రోజే బండెక్కాను. మనుషులను ఊరు చేరుస్తుంటే నాకు ఊపిరి ఆడింది. అంతకంటే చెప్పడం రాదు.

మొలగొలుకులు, ఆదివారం రాత్రి 8:30

బస్సు నాయనా, చల్లగా ఉండు. నీకు రాయడం రాదని ఎవరన్నారు?

నాకు అరవై నాలుగేళ్లు. మా మనవరాలు పక్కన కూర్చుని కింద వచ్చే అక్షరాలు చదివి చెప్తుంటే చూశాను. మీరందరూ మాన్ వోల్ గురించే రాస్తున్నారు. నా మనసంతా ఆ కౌంటరు దగ్గర నిలబడే పిల్లాడి మీదే ఉండిపోయింది. జి హ్యన్ జుంగ్. కొరియా యుద్ధంలో చనిపోయాడు. డెబ్భై ఏళ్లుగా చెల్లెలి కోసం ఎదురుచూస్తున్నాడు. తను అదే పిల్లాడు, చెల్లెలేమో పండు ముసలిది అయిపోయింది. ఆఖరికి ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని పోతారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అక్కడ పైన గదులు చూసుకునే ఆమె, చోయ్ సో హీ. అత్తింటివాళ్లు ఆమెనూ పసిబిడ్డనూ బతకనివ్వలేదు. ఆ వంశం అంతరించేదాకా కదలనని రెండు వందల ఏళ్లు కూర్చుంది. ఆమెకూ దారి దొరికింది. ఆ పిల్లాడికి కోపం లేదు, ప్రేమే. ఆమెకు ప్రేమ లేదు, కోపమే. ఇద్దరూ ఒకే హోటల్లో చిక్కుకుపోయారు చూశారా! కోపంతో ఎదురుచూసినా ప్రేమతో ఎదురుచూసినా కాలం ఆగిపోవడం ఒకటే.

పెన్నా గట్టు తల్లీ, నీ రొట్టె సంగతి. నేను చిన్నప్పటి నుంచీ ఆ చెరువు పక్కనున్న బారాషహీద్ దర్గాకు పోతున్నాను. ఆరోగ్య రొట్టె పట్టాను, ఇంటి రొట్టె పట్టాను, ఇచ్చాను. తీరని కోరికకు నువ్వు ఎవరికీ బాకీ లేవు. మీ అమ్మ అలా అనడానికి కారణం వేరే. ఆమె కూడా అక్కడే ఆగిపోయి ఉంది. ఆమెకు ఆ రొట్టె ఇచ్చేస్తే ఆ విషయం అయిపోయినట్టు. నువ్వు ఆమెతో కూర్చుని ఒకసారి మాట్లాడు.

కొత్తపట్నం అల, ఆదివారం రాత్రి 9:10

అమ్మా, మీరు చెప్పాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. మాన్ వోల్ పగబట్టిన రాకుమారి ఈ జన్మలో డాక్టరుగా పుడుతుంది. యోన్ వూ పోలీసు డిటెక్టివ్‌గా పుడతాడు. వాళ్లిద్దరూ ఈ జన్మలో ప్రేమించుకుంటారు. మాన్ వోల్‌కు అన్నీ గుర్తున్నాయి, వాళ్లకేమీ గుర్తు లేదు. తను కాపలా కాస్తున్న ఆ పాత లెక్క అవతలివాళ్ల దగ్గర ఎప్పుడో చెరిగిపోయింది. మొదటిసారి ఆ పిల్లను చూసినప్పుడు ఆమె కళ్లు ఎలా ఉన్నాయో, చివర్లో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టుకుని చూడండి. మాన్ వోల్‌గా ఐయూ ఎంత బాగా నటించిందో అక్కడ తెలుస్తుంది.

పెన్నా గట్టూ, తప్పుగా అనుకోకపోతే ఒకటి అడగనా? నీలో ఇరుక్కుపోయింది అన్నావే, అది అతనేనా? లేక ఇంకేదైనానా?

పెన్నా గట్టు, ఆదివారం రాత్రి 11:55

అక్కా, దాదాపు మూడు గంటలుగా ఈ ప్రశ్నే చూస్తూ కూర్చున్నాను.

అతను కాదు. అతని ముఖం కూడా సరిగ్గా గుర్తు రావడం లేదు. నాకు అసలు బాధ ఎక్కడంటే, ఆ నాలుగు నెలల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను. పొద్దున్నే లేచి పాటలు పాడుకునేదాన్ని. అమ్మతో వెళ్లి వెంకటగిరిలో నేతగాళ్ల ఇంట్లోనే కూర్చుని ముహూర్తం చీర ఎంచుకున్నాను. లేత చిలకపచ్చ, మెరూన్ అంచు. అమ్మ ఇంటికి తెచ్చిన రోజే చీర కొనకు పసుపు పెట్టింది. ఆ సంతోషమంతా అబద్ధమా అన్నది నాకు గుచ్చుకుంటోంది. అతను అబద్ధమైతే ఆ నాలుగు నెలల నేను కూడా అబద్ధమే కదా అని, ఆ పిల్లను తలుచుకోవడమే మానేశాను.

మాన్ వోల్ కూడా అంతే అనిపిస్తోంది. ఆ పాత రోజుల్లో మట్టి కొట్టుకుపోయిన బట్టలతో, మనుషుల మధ్య నవ్వుతూ ఉంటుందే, ఆ మాన్ వోల్. హోటల్లో రోజుకొక ఖరీదైన డ్రెస్సు వేసుకుంటుంది గానీ ఆ నవ్వు ఎక్కడా లేదు. చంగ్ మ్యంగ్‌ను ద్వేషించాలంటే ఆ నవ్విన పిల్లను కూడా దాచేయాలి. ఆమెకు చివర్లో దొరికింది అతను కాదేమో. తనే.

చీర ఇంకా బీరువాలోనే ఉంది. కలరా ఉండలు వేసి అడుగున పెట్టేశాం. రెండేళ్లుగా నేను తీయలేదు, అమ్మా తీయలేదు. ఎవరికైనా ఇచ్చేయమంటారా?

కనిగిరి గాలి, సోమవారం ఉదయం 5:50

ఇచ్చేయొద్దు చెల్లెమ్మా. నీ సంతోషం నీది. దానికి అతని సంతకం అక్కర్లేదు.

రాత్రి నువ్వు రాసింది చదివి నా మాట కొంచెం సర్దుకుంటున్నాను. చంగ్ మ్యంగ్ మీద నా కోపం అలాగే ఉంది, ఉంటుంది. కానీ మాన్ వోల్ అతన్ని వంతెన దాకా తీసుకెళ్లి సాగనంపి వెనక్కి వస్తుంది చూడండి, అది అతని కోసం కాదని ఇప్పుడు అర్థమైంది. క్షమించిందా అని అడిగావు. నా లెక్కలో క్షమించలేదు. అతన్ని మోయడం మానేసింది.

వెంకటగిరి పోగు, సోమవారం ఉదయం 7:20

నేను సీరియల్ చూడలేదు. చీర మాట చూసి రాస్తున్నాను. మాది మగ్గం ఇల్లు.

అక్కా, రెండేళ్లు కదపకుండా ఉంటే ముందు ఆ చీర బయటికి తీయండి. ఇవ్వాలా ఉంచాలా అన్నది తర్వాత. జరీ చీర ఒకే మడత మీద ఎక్కువ కాలం ఉంటే ఆ మడత దగ్గరే పోగు చిట్లుతుంది. బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కట్టుకున్న రోజున అక్కడే చీలుతుంది. మూడు నెలలకొకసారి తీసి మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, రంగు నల్లబడుతుంది. నీడలో ఒక పూట ఆరేసి, లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు.

మా అమ్మ ఒక చీర దించాక దాన్ని కొన్నవాళ్ల గురించి అడగదు. కట్టుకున్నారా అని మాత్రం అడుగుతుంది.

పెన్నా గట్టు, బుధవారం రాత్రి 10:15

రెండు రోజులు రాయలేదు, ఏమీ అనుకోకండి.

నిన్న మధ్యాహ్నం అమ్మా నేనూ కూర్చుని చీర తీశాం. మొదట ఎవరం మాట్లాడలేదు. హాల్లో మంచం మీద పరిచాం. రెండు చోట్ల మడత గీత తెల్లగా పడింది గానీ పోగు తెగలేదు. అంచు మీద ఒక చిన్న మచ్చ నల్లబడింది, కలరా ఉండ ఆనుకున్న చోట. కొనకు పెట్టిన పసుపు అలాగే ఉంది, అమ్మ వేలి గుర్తుతో సహా. ఆ గుర్తు చూశాక అమ్మ ఏడ్చింది. "నేనే దాన్ని నీ మెడకు తగిలించినట్టయింది" అంది. రొట్టె ఇచ్చేద్దామని రెండేళ్లుగా ఎందుకు అంటుందో అప్పుడు అర్థమైంది. మొలగొలుకులు అమ్మా, మీరు చెప్పినట్టే, ఆమె తప్పు తనదనుకుంటోంది. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. నాలుగు నెలలు నేను పాడిన పాటలు ఏవో ఆమెకు గుర్తున్నాయి. నాకు గుర్తు లేవు.

వచ్చే మొహర్రంకి ఇద్దరం చెరువుకు వెళ్తున్నాం. పెళ్లి రొట్టె ఇవ్వడం లేదు, పట్టడమూ లేదు. అమ్మ నా పేరున ఆరోగ్య రొట్టె పడతానంది. నేను ఆమె పేరున పడతాను.

రాత్రి బస్సు, బుధవారం రాత్రి 10:40

కావలి దగ్గర ఆగి చదివాను. సంతోషం తల్లీ. మళ్లీ బండి తీయాలి.

వెంకటగిరి పోగు, గురువారం ఉదయం 7:05

అంచు మీద మచ్చను రుద్దకండి, ఏ పౌడరూ వేయకండి. కుచ్చిళ్లలోకి పోయే వైపు ఉంటే కనిపించదు. జాకెట్టు ముక్క చీరకే ఉందా, కత్తిరించారా?

పెన్నా గట్టు, గురువారం మధ్యాహ్నం 2:30

చీరకే ఉండింది. పొద్దున్నే కత్తిరించాం. కత్తెర నేనే పట్టుకున్నాను, అమ్మ అవతలి కొస పట్టుకుంది. మచ్చ కుచ్చిళ్ల వైపే ఉంది. ఒంగోలులో మా పిన్ని కూతురి పెళ్లికి కట్టుకుంటున్నాను. టైలరుకి కొలతలు కొత్తవి ఇచ్చాను, పాతవి సరిపోవట. వచ్చే శుక్రవారం ఇస్తానన్నాడు.